ఒక రోజుకి ఒక్క నాయకుడు: శ్రీకాకుళం, విజయనగరం వైపు స్మారకాలు చూసి రావడం ఎలా

ఆగస్టు పదిహేను దగ్గర పడిందంటే ఈ ప్రశ్నలు మొదలవుతాయి, అక్టోబర్ రెండు దాటేదాకా ఆగవు. "పిల్లలకి మన నాయకుల గురించి ఏదైనా చూపిద్దామనుకుంటున్నాం, శ్రీకాకుళంలో ఏముంది? విజయనగరం వైపు ఎక్కడికెళ్లాలి? విగ్రహానికి దండ వెయ్యాలంటే ఎవర్నైనా అడగాలా? ఒక్కరోజులో ఎన్ని చూడొచ్చు?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడే రాసేస్తున్నాను, ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకోండి.

చివరి ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను. ఒక్కటి. మరీ దగ్గర్లో ఉంటే రెండు. పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి ఎనిమిది విగ్రహాలకి దండలేసి ఎనిమిది సెల్ఫీలు దిగొచ్చినవాళ్లని మర్నాడు కూర్చోబెట్టి అడగండి, ఎవరు ఏం చేశారో ఒక్కరి గురించి కూడా గట్టిగా నాలుగు మాటలు చెప్పలేరు. తప్పు వాళ్లది కాదు, ప్లానుది.

కావలసినవి

చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు (పెన్ను చెమట చేతికి జారుతుంది, వానకి అలుక్కుపోతుంది). టార్చి ఉన్న ఫోను. ఒక గొడుగు, ఎండాకాలమైనా సరే, అది ఎందుకో ఆరో అంచెలో చెప్తాను. మెత్తటి పొడి గుడ్డ. ఖాళీ సంచి ఒకటి, ఎండిపోయిన పాత దండలు, మీ చెత్త పట్టుకురావడానికి. మంచినీళ్లు మనిషికి కనీసం లీటరు, ఊళ్లలో షాపు తెరిచి ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. టిఫినో పులిహోరో కట్టుకెళ్తే గొడవే లేదు. బస్సులో వెళ్లే ఆడవాళ్లు గుర్తింపు కార్డు మర్చిపోవద్దు, 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఉచితం కదా, కార్డు చూపించకపోతే మాత్రం టికెట్ కొట్టించుకోవాల్సిందే.

దండ తప్పనిసరి ఏమీ కాదు. నాలుగు విడిపూలు చాలు.

1. ముందు మనిషిని ఎంచుకోండి, ఊరిని తర్వాత

చాలామంది ఉల్టా చేస్తారు, "ఎక్కడ పార్కు బాగుంది" అని మొదలుపెడతారు. మీ ఇంట్లో పిల్లలకి ఏది పడుతుందో చూసి మనిషిని ఎంచుకోండి. పాటలంటే ఇష్టమా, గరిమెళ్ల సత్యనారాయణ. తుపాకులూ అడవులూ అంటే కళ్లు మెరుస్తాయా, అల్లూరి సీతారామరాజు. ఇంట్లో వ్యవసాయం ఉండి భూమి మాట రోజూ వినిపిస్తుందా, వీర గున్నమ్మ, సర్దార్ గౌతు లచ్చన్న. ఇవేవీ పట్టవు, చేత్తో ఏదైనా చేసి చూపిస్తే తప్ప కదలరు అంటే గాంధీగారి కోసం, ఖద్దరు నూలు వడికే పొందూరు వెళ్లండి.

2. ఒక్క పేజీ చదవండి, ఒక్క సంఘటన పట్టుకోండి

పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, బిరుదులు, ఇవన్నీ బస్సులో బట్టీ పట్టించకండి. పిల్లలకి ముందురోజు రాత్రి ఒకే ఒక్క సంఘటన చెప్పండి. ఏ సంఘటన అన్నదే అసలు పని, కొన్ని ఇక్కడ ఇస్తున్నా.

గరిమెళ్ల: 1893 జులై 14న నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టారు. సహాయ నిరాకరణ రోజుల్లో "మాకొద్దీ తెల్లదొరతనము" పాట రాసి ఊరూరా పాడారు, ఆ పాటకే 1922లో జైలుకి పంపారు. ఒక పాట రాసినందుకు జైలా అని పిల్లలు అడుగుతారు. అడగనివ్వండి, వెంటనే జవాబు చెప్పకండి.

లచ్చన్న: 1909 ఆగస్టు 16న బారువలో, కల్లుగీత కుటుంబంలో పుట్టారు. ఆయన గురువు రైతు నాయకుడు ఎన్.జి.రంగా. 1967లో లచ్చన్న శ్రీకాకుళం నుంచి లోక్‌సభకి గెలిచారు, రంగా చిత్తూరులో ఓడిపోయారు. లచ్చన్న తన సీటుకి రాజీనామా చేసేశారు, ఉప ఎన్నికలో రంగా ఇక్కణ్నుంచి గెలిచి వెళ్లారు. ఇప్పటి రాజకీయం చూస్తూ పెరిగే పిల్లలకి ఈ ఒక్క ముక్క చాలు, నోరు తెరుచుకుని వింటారు.

గున్నమ్మ: సాసుమాన గున్నమ్మది మందస మండలం గుడారి రాజమణిపురం. మందస జమీందారీ అడవి నుంచి కలప తెచ్చుకున్నారని రైతుల్ని పట్టుకుపోతుంటే ఊరి జనంతో కలిసి పోలీసులకి అడ్డం నిలబడింది. 1940 ఏప్రిల్ 1న జరిగిన కాల్పుల్లో ప్రాణం పోగొట్టుకుంది, అప్పటికి గర్భిణి. సరిగ్గా ఆ ముందు నెల, మార్చిలోనే, పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. రెండూ కలిపి చెప్తే ఆ వేడి అర్థమవుతుంది. చిన్నపిల్లలుంటే కాల్పుల దగ్గర వివరాలు తగ్గించండి, దాచొద్దు.

అల్లూరి: 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి. పట్టుకెళ్లిన ఆయుధాల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారని చెప్తారు. పిల్లలు ఈ లెక్క దగ్గరే ఆగిపోతారు, దొంగతనంగా కాకుండా చెప్పి తీసుకెళ్లడం అన్నది వాళ్లకి భలే నచ్చుతుంది.

3. తేదీ చూసుకోండి, రద్దీ కూడా చూసుకోండి

జయంతి రోజునే వెళ్లాలన్న పట్టుదల ఉంటే సరే, కానీ ఆరోజు మైకులు, కుర్చీలు, ఫ్లెక్సీలు, ముఖ్య అతిథి కోసం పడిగాపులు, వీటి మధ్య ఫలకం దగ్గరికి కూడా పోలేరు. పిల్లలతో వెళ్లేవాళ్లకి నా సలహా, ఆ తేదీకి వారం ముందో వారం తర్వాతో వెళ్లండి. తర్వాత వెళ్తే ఇంకో లాభం, అప్పటికే శుభ్రం చేసి రంగులేసి ఉంటారు.

లచ్చన్నది మాత్రం కలిసొస్తుంది. ఆగస్టు 16. పదిహేనున స్కూల్లో జెండా వందనం, మిఠాయి అన్నీ అయిపోయాక మర్నాడు బయల్దేరొచ్చు, ఆదివారం పడిందంటే ఇంకా మంచిది.

మిగతావి: అల్లూరి జయంతి జులై 4, వర్ధంతి మే 7. గాంధీగారిది అక్టోబర్ 2, లాల్ బహదూర్ శాస్త్రి పుట్టిందీ అదే రోజు, పాపం ఆయన్ని అందరూ మర్చిపోతారు. జనవరి 30 అమరవీరుల దినం, ఉదయం 11 గంటలకి రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు, ఆ వేళకి మీరు విగ్రహం దగ్గరుంటే మీరూ నిలబడండి.

హెచ్చరిక: అక్టోబర్‌లో మనవైపు తుపాను కాలం. 2018లో తిత్లీ వచ్చింది అక్టోబర్ 11న, ఉద్దానం (పలాస, సోంపేట వైపు కొబ్బరి, జీడి తోటల ప్రాంతం) ఏమైందో చెప్పక్కర్లేదు. దసరా సెలవుల్లో ప్లాన్ వేసుకుంటే ముందురోజు వాతావరణం కబురు విని గానీ కదలొద్దు. ఏప్రిల్, మే నెలల్లో అయితే పదింటికల్లా పని ముగించుకుని నీడకి చేరిపోండి.

4. దారి

నాలుగు దారులు రాస్తున్నా, మీకు అనువైనది ఒక్కటి తీసుకోండి.

మొదటిది శ్రీకాకుళం టౌన్‌లోనే. శాంతినగర్ కాలనీలో గాంధీ మందిరం ఉంది, ఆ ఆవరణలోనే స్వాతంత్ర్య సమరయోధుల విగ్రహాలూ ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి, ఎండకి తట్టుకోలేని చిన్నపిల్లలకి ఇదే మేలు, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి ఆటోలో వెళ్లిపోవచ్చు. చాలా విగ్రహాలు ఒకేచోట ఉంటాయి కాబట్టి "ఒక్కరే" అన్న నియమం ఇక్కడే ఎక్కువ గుర్తుపెట్టుకోవాలి. అన్నీ చూడండి, కానీ ఒక్కరి దగ్గర కూర్చోండి.

రెండోది పొందూరు. విగ్రహం కోసం కాదు, పని కోసం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి విజయనగరం వైపు వెళ్లే లైన్లోనే పొందూరు స్టేషన్ ఉంది, అన్ని రైళ్లూ ఆగవు, ఆగేది ఏదో చూసుకుని ఎక్కండి. ఈ ఊరి సన్న ఖద్దరు గురించి తెలిసి గాంధీగారు చూసి రమ్మని తన కొడుకు దేవదాస్ గాంధీని పంపారు. ఊళ్లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది, ముందుగా అక్కడికే వెళ్లి మర్యాదగా అడిగితే వడికేవాళ్లని ఎక్కడ చూడొచ్చో చెప్తారు. చూడాల్సింది ఇది: వాలుగ చేప దవడ. సన్నటి పళ్ల వరస ఉంటుంది దానికి. ఆ దవడతో గింజ మీదున్న పత్తిని దువ్వుతారు, చెత్త, నలక, ముక్కలైన పోగు అంతా రాలిపోయి పత్తి తెల్లగా మెత్తగా విచ్చుకుంటుంది. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు, దుమ్ము పడకుండా, తేమ పోకుండా. అందులోంచి ఒక్కో ఏకు తీసి రాట్నం మీద వడుకుతుంటే నూరో నంబరు నూలు, అంటే చాలా సన్నటి నూలు, వస్తుంది. మీ అమ్మాయిని ఒక్కసారి పోగు తియ్యమనండి, వాళ్లు ఒప్పుకుంటే. తీసిన మరుక్షణం తెగిపోతుంది. అప్పుడు గోడల మీద చరఖా బొమ్మ ఎందుకుందో ఉపన్యాసం చెప్పక్కర్లేదు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. వడికేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, చాలామంది ఇళ్లలోనే పని చేస్తారు, అడక్కుండా లోపలికి దూరి వీడియోలు తియ్యకండి. వాళ్లకి వడికిన దాన్నిబట్టే డబ్బు, మీరు గంటసేపు ప్రశ్నలతో కూర్చుంటే ఆ గంట వాళ్లది. పండగరోజు కాకుండా మామూలు పని రోజు పొద్దున్నే వెళ్లండి, లేకపోతే మూసిన తలుపులు చూసి రావాలి. కొనాలనుకుంటే, సాధారణంగా గాంధీ జయంతికి ఖాదీ మీద రిబేటు ఉంటుంది, అప్పటిదాకా ఆగినా నష్టం లేదు.

మూడోది ఉద్దానం దారి. శ్రీకాకుళం నుంచి పదహారో నంబరు హైవే పట్టుకుంటే నరసన్నపేట, టెక్కలి, పలాస, ఆ తర్వాత మందస వైపు, ఆపైన సోంపేట, బారువ. గున్నమ్మ స్థూపం గుడారి రాజమణిపురంలో ఉంది. సొంత బండి ఉంటే శ్రీకాకుళం నుంచి పొద్దున్నే ఆరింటికి బయల్దేరి గున్నమ్మ స్థూపం చూసుకుని బారువ వెళ్లి రావొచ్చు, ఇది రెండు చోట్లు కలిసే దారి. బస్సులో అయితే పలాస దాకా ఇబ్బంది లేదు, అక్కణ్నుంచి మందస వైపు బస్సో ఆటోనో. ఆటో మాట్లాడుకున్నప్పుడు రానూపోనూ కలిపి, అక్కడ ఆగే సమయంతో సహా మాట్లాడుకోండి. "దించేసి పోతాను" అన్నవాడితో వెళ్తే తిరుగు ప్రయాణంలో హైవే దాకా నడకే. తిరిగొచ్చేటప్పుడు పలాసలో లచ్చన్న విగ్రహం ఉంది, చూసుకోవచ్చు. జీడిపప్పు కొనడం వద్దన్నా మానరు కాబట్టి ఆ సంగతి వదిలేస్తున్నా.

నాలుగోది విజయనగరం నుంచి. అల్లూరి పుట్టింది 1897 జులై 4న, పాండ్రంగిలో, తాతగారింట్లో. ఆ ఊరు ఇప్పుడు విశాఖ జిల్లా పద్మనాభం మండలంలో ఉంది గానీ విజయనగరం వాళ్లకి దగ్గరే. అదే మండలంలో పద్మనాభం, అక్కడే 1794 జులై 10న ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామ గజపతిరాజు చనిపోయారు, కంపెనీ అడిగిన కప్పం దగ్గర మొదలైన గొడవ అది. ఆయన స్మారకం చూసుకుని పాండ్రంగి వెళ్తే ఒకే పూటలో నూట ముప్ఫై ఏళ్ల తేడాతో కంపెనీ దొరల్నీ, తర్వాతి తెల్లదొరల్నీ ఎదిరించిన ఇద్దరు దొరుకుతారు. బొబ్బిలి వెళ్లాలనుకునేవాళ్లకి అదొక పూర్తి రోజు, 1757 జనవరి 24 యుద్ధానికి గుర్తుగా కట్టిన స్తంభం ఉంది, విజయనగరం నుంచి రైలు కూడా ఉంది, దీంతో కలిపి కుక్కకండి.

5. దండ, అనుమతి, మైకు

నలుగురైదుగురు వెళ్లి పూలు పెట్టి రావడానికి సాధారణంగా ఎవరి అనుమతీ అక్కర్లేదు. చుట్టూ గేటు వేసి తాళం ఉంటే పంచాయతీ ఆఫీసులోనో, టౌన్ అయితే మునిసిపాలిటీ వాళ్లనో, లేదా ఎదురుగా ఉన్న కిళ్లీ కొట్టులోనో అడగండి. నిజం చెప్పాలంటే తాళం చెవి ఎక్కువసార్లు కిళ్లీ కొట్టులోనే దొరుకుతుంది. గేటు దూకడం మాత్రం వద్దు.

స్కూలు తరఫునో సంఘం తరఫునో మైకు పెట్టాలంటే పోలీసు అనుమతి తీసుకోవాలి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్ ఎలాగూ కుదరదు. కూడలిలో ఉన్న విగ్రహమైతే ట్రాఫిక్ సంగతి కూడా ముందే చెప్పుకోండి.

దండ కొనేటప్పుడు విగ్రహం సైజు తెలియకుండా కొనకండి. నిలువెత్తు విగ్రహానికి మనుషులకేసే దండ మెడలో ఇరుక్కుంటుంది, అర్ధ విగ్రహానికి పెద్ద దండ వేస్తే ముఖం మునిగిపోతుంది. ఇనుప తీగతో కట్టిన దండ వద్దు, రంగు గీసుకుపోతుంది, తుప్పు మరక దిగుతుంది. దారంతో కట్టించండి. గాంధీగారికి నూలు దండ వెయ్యడం పాత అలవాటు, ఖాదీ భండారులో అడిగి చూడండి. ఎత్తుగా ఉంటే దిమ్మె ఎక్కి విగ్రహం చెయ్యి పట్టుకుని వేలాడకండి, సిమెంటు చేతులు విరుగుతాయి, మీ చేతులూ విరుగుతాయి. అందకపోతే పాదాల దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకోండి, ఏం పోదు.

6. అక్కడికి వెళ్లాక ముందు ఫలకం చదవండి

అందరూ దాటేసేది ఇదే. చెప్పులు విప్పి, దణ్ణం పెట్టుకుని, నేరుగా ఫలకం దగ్గరికి వెళ్లండి. పెద్దగా చదవమని పిల్లలకి చెప్పండి, ఒక్కో లైను ఒక్కొక్కరు.

పాత ఫలకాల్లో అక్షరాలు అరిగిపోయి, లేదా ప్రతి ఏడూ వేసిన సున్నంతో పూడిపోయి కనిపించవు. అప్పుడు సుద్దముక్కతో రుద్దడం, నూనె రాయడం, పసుపు పులమడం చేస్తుంటారు, అస్సలు వద్దు. ఇలా చేయండి: గొడుగు తెరిచి ఫలకం మీద ఎండ పడకుండా నీడ పట్టండి. ఫోను టార్చి వేసి, ఎదురుగా కాకుండా, ఫలకానికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. చెక్కిన అక్షరం గుంటలో నీడ పడి ఒక్కసారి తేలుతుంది. ఎడమ నుంచి రాకపోతే పైనుంచి వేసి చూడండి. ఆ వెలుగులోనే ఇంకొకరు ఫొటో తియ్యాలి. ఇంటికెళ్లి ఫోన్లో కాంట్రాస్ట్ పెంచుకుంటే మిగతాది చదవొచ్చు.

ఇంగ్లిష్ ఏడాది బదులు తెలుగు సంవత్సరం పేరు చెక్కి ఉంటే అది అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది, కాబట్టి ఏ శతాబ్దమో ఇంకో ఆధారం దొరికేదాకా లెక్క కట్టేయకండి.

శుభ్రం చేద్దామని ఉత్సాహపడతారు కొందరు, మంచిదే. పొడి గుడ్డతో దుమ్ము దులపండి, ఎండిన దండలు తీసి సంచిలో వేయండి, చుట్టూ ఉన్న గ్లాసులు, కవర్లు ఏరండి. అక్కడితో ఆగండి. కంచు విగ్రహాన్ని ఇంట్లో ఇత్తడి బిందెలా చింతపండు పెట్టి తోమితే ఆ లోహాన్ని కాపాడే పైపొర ఊడొస్తుంది, తళతళ రెండు రోజులే. సిమెంటు విగ్రహం మీద నీళ్లు పోసి రుద్దితే బంగారు రంగు పెచ్చులు లేస్తుంది. పాలాభిషేకం చేస్తే మధ్యాహ్నానికి చీమలు, ఈగలు, వాసన. పగుళ్లు కనిపిస్తే ఫొటో తీసి పంచాయతీలో ఇవ్వండి, మీరు సిమెంటు పుయ్యొద్దు.

7. ఊళ్లో ఒక పెద్దాయనతోనో పెద్దామెతోనో మాట్లాడండి

అరుగు మీద ఎవరో ఒకరు ఉంటారు. మీరడిగే లోపు వాళ్లే అడుగుతారు, "ఏటి బాబూ, ఏ ఊర్నించొచ్చారు?" అని. ఆ ప్రశ్నకి తీరిగ్గా జవాబు చెప్పండి, మీ ఊరు, మీ ఇంటిపేరు, ఎవరి తాలూకు, అంతా. తొందరపడి "గున్నమ్మ గురించి చెప్పండి" అని ఫోను ముఖం మీద పెడితే మాట ఆగిపోతుంది. పిల్లల చేత అడిగించండి, "తాతా, ఇది కట్టినప్పుడు నువ్వు చూశావా?", "మామ్మా, మీ అమ్మ ఏం చెప్పేది?" అని. పెద్దవాళ్లు మనకంటే పిల్లలకే బాగా చెప్తారు.

వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, పక్కన "ఊళ్లో చెప్పుకునే మాట" అని గుర్తు పెట్టండి. "గాంధీగారు ఈ చెట్టు కిందే కూర్చున్నారు" అనే మాట చాలా ఊళ్లలో వినిపిస్తుంది. కాదని వాదించడానికి మీరక్కడికి వెళ్లలేదు. అలాగని ఇంటికొచ్చి చరిత్రగా వాట్సాప్‌లో పెట్టడమూ సరికాదు.

8. ఫొటోలు

ఫలకం ఒకటి, మొత్తం స్మారకం దూరం నుంచి ఒకటి, మీ అందరిదీ ఒకటి. చాలు. విగ్రహం భుజం మీద చెయ్యేసి, నాలుక బయటపెట్టి తీసేవి వద్దని వేరే చెప్పాలా.

9. జెండా పట్టుకెళ్తుంటే

తరచూ అడుగుతారు కాబట్టి రాస్తున్నా. పతాక నియమావళి 2002లోది. కాషాయం పైన ఉండాలి, నేలకి తగలకూడదు, నీళ్లలో పడకూడదు, దాని మీద పేర్లూ నినాదాలూ రాయకూడదు. విగ్రహానికి శాలువాలా కప్పకూడదు, ఆవిష్కరణ రోజున విగ్రహాన్ని మూసే తెరగా కూడా జెండా వాడకూడదు, ఇది మాత్రం చాలామందికి తెలియదు. పొడవు వెడల్పులు 3:2. కాగితం జెండాలు పిల్లలకిచ్చారంటే తిరిగి లెక్కపెట్టి తీసుకోండి, దారిలో పడేయనివ్వొద్దు. చిరిగిపోయినవి చెత్తబుట్టలో వేయకుండా ఇంటిదగ్గర, నలుగురూ చూసేచోట కాకుండా, మర్యాదగా కాల్చేయడం మేలు.

10. పని అయిందో లేదో చూసుకోవడం

తిరిగొచ్చిన రాత్రి పిల్లల్ని అడక్కండి, అలసిపోయి ఉంటారు. మర్నాడు సాయంత్రం, పక్కింటివాళ్లో, మీ అత్తగారో, వెళ్లనివాళ్లు ఎవరైనా ఉన్నప్పుడు, "నిన్న ఎక్కడికెళ్లారర్రా?" అని వాళ్ల చేత అడిగించండి. మీరు మధ్యలో అందించకూడదు. ఎవరు, ఏం చేశారు, ఎందుకు చేశారు, ఈ మూడూ వాళ్ల సొంత మాటల్లో వస్తే పని అయినట్టే. తేదీ తప్పుపోయినా పర్లేదు. "గొప్ప దేశభక్తుడు, దేశం కోసం త్యాగం చేశాడు" అని మాత్రమే వస్తే ఏమీ ఎక్కలేదని అర్థం, అది ఏ నాయకుడికైనా సరిపోయే వాక్యం. అలాంటప్పుడు ఇంకో చోటికి పరిగెత్తకండి, రెండో అంచెకి వెళ్లి అదే మనిషి గురించి ఇంకో సంఘటన చెప్పండి.

పెద్దవాళ్లకి ఇంకో పరీక్ష. నోట్‌బుక్కు తీసి, ఫలకం మీద ఉన్నదీ, పుస్తకంలో చదివిందీ, ఊళ్లో విన్నదీ పక్కపక్కన పెట్టండి. మూడూ ఒకేలా ఉంటే మీరు ఎక్కడో సరిగ్గా వినలేదేమో చూసుకోండి, సాధారణంగా ఏదో ఒకటి తేడా వస్తుంది. ఆ తేడానే తర్వాత వెతకాల్సింది.

తరచూ జరిగే పొరపాట్లు

ఇద్దరు విజయరామరాజుల్ని కలిపేయడం. ఇది మనవైపు మహా ఎక్కువ. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి బొబ్బిలి మీదకి వెళ్లి, తర్వాత తన డేరాలోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో పోయింది పెద విజయరామరాజు. 1794లో పద్మనాభం దగ్గర కంపెనీతో పోరాడి పోయింది చిన విజయరామరాజు. ఒక్కరే అనుకుంటే బొబ్బిలిలో చెప్పిన కథకీ పద్మనాభంలో చెప్పిన కథకీ పొంతన కుదరక పిల్లలు తలలు పట్టుకుంటారు.

సర్దార్ అనగానే పటేల్ అనుకోవడం. లచ్చన్నగారికీ ఆ పేరు ఉంది. నాగావళి మీద తోటపల్లి బ్యారేజీకి పెట్టింది ఈయన పేరే.

అల్లూరి విషయంలో ఊళ్లు కలిపేయడం. పుట్టింది పాండ్రంగి, పూర్వీకుల ఊరు భీమవరం దగ్గర మోగల్లు, సమాధి కృష్ణదేవిపేటలో. 2022 జులై 4న ప్రధాని ఆవిష్కరించిన ముప్ఫై అడుగుల విగ్రహం భీమవరంలో ఉంది. ఆ విగ్రహం చూడాలని పాండ్రంగి వెళ్లి నిరాశపడినవాళ్లు ఉన్నారు. పాండ్రంగిలో చూడాల్సింది ఊరు, ఇల్లు.

వర్ధంతికి "శుభాకాంక్షలు" చెప్పడం. ఏటా జనవరి 30న ఫోన్లు నిండిపోతాయి వీటితో. వర్ధంతికి నివాళి, జయంతికి శుభాకాంక్షలు. పంపే ముందు ఒక్క క్షణం ఆగితే సరిపోతుంది.

మ్యాప్‌ని గుడ్డిగా నమ్మడం. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లు ఉంటాయి, గూగుల్ మ్యాప్ పొలం గట్టు మీదకి తీసుకెళ్లి "చేరుకున్నారు" అంటుంది. మండలం పేరుతో కలిపి వెతకండి, హైవే దిగగానే మనిషిని అడగండి.

రాజకీయం తేవడం. విగ్రహం ఏ పార్టీ వాళ్లు పెట్టారు, ఎవరు తీసేయమన్నారు అన్న మాటలు అక్కడ ఎత్తారంటే మీ పూట అంతా దానికే పోతుంది, ఊళ్లో పెద్దాయన కూడా లేచి వెళ్లిపోతాడు.

మిగిలిన చిన్న ప్రశ్నలు

వాన పడితే? పొందూరుకి మార్చుకోండి, అక్కడ పని నీడపట్టునే జరుగుతుంది. మందస, పాండ్రంగి వాయిదా వేసుకోండి.

ఖర్చు? స్మారకాల దగ్గర పెద్ద ఖర్చేమీ ఉండదు, అయ్యేదల్లా ప్రయాణం, తిండి. ఆటో దగ్గరే బేరం ఆడాలి.

బడి పిల్లలు నలభై మందిని తీసుకెళ్లొచ్చా? వెళ్లొచ్చు, కానీ ఫలకం చుట్టూ ఒకేసారి ఎనిమిది మంది కంటే నిలబడలేరు. ఐదు జట్లు చేసి, ఒక జట్టు ఫలకం చదువుతుంటే ఒకటి ఊళ్లో మాట్లాడాలి, ఒకటి చుట్టూ శుభ్రం చెయ్యాలి, మిగతావాళ్లు బొమ్మ గీసుకోవాలి. ఇరవై నిమిషాలకి మార్చండి. మరుగుదొడ్డి ఎక్కడుందో ముందురోజే ఊరి బడిలో కనుక్కోండి, ఆడపిల్లలుంటే ఇది మొదటి పని, దండ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

తిరుగు బస్సు టైము దిగిన వెంటనే కండక్టర్ని అడగండి. సాయంత్రం అడిగితే "ఇప్పుడే ఎల్లిపోయింది బాబూ" అంటారు.